ఒడ్డుకు వీపు పెట్టి

అండమాన్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా టెక్కలిలో కనిపించినవాడల్లా జైలు చూశావా అని అడుగుతున్నాడు. చూశాను. కానీ దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నీలం నీళ్ల గురించి, తెల్ల ఇసక గురించి రాసినవాళ్లు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. నేను రాసేది సముద్రంలో ఉన్న ఒక చోటు గురించి. అదెక్కడుందో చెప్పను. దాన్ని ఒకసారి చెప్పించి ఏం చేశానో మాత్రం చెబుతాను.

నా సంగతి రెండు ముక్కలు. రెవెన్యూలో ముప్పై ఏళ్ల పైన చేసి సూపరింటెండెంటుగా దిగాను. ప్రజాభిప్రాయ సేకరణ సభలు ఎన్ని నడిపానో, ఎన్ని మినిట్స్ రాశానో గుర్తు లేదు. కాగితం మీదకి ఎక్కని మాట గాలికి పోతుందని నా నమ్మకం. నేను రిటైరయ్యాను గానీ నా నోట్లో 'రాతపూర్వకంగా' అన్న మాట ఇంకా రిటైరవలేదని మా ఆవిడ నలుగురిలో ఎగతాళి చేస్తుంటుంది. ఈ ప్రయాణం అయ్యాక ఆవిడ ఆ ఎగతాళి మానేసింది.

గోల్ ఘర్‌లో కొట్టు

పోర్ట్ బ్లెయిర్ పేరు కాగితాల మీద మారిందిగానీ జనం నోళ్లలో మారలేదు. శివరాత్రి జాగారం కళ్లతోనే అక్కడ దిగాం. మా ఆవిడ చెల్లెలి కాపురం ప్రోతరాపూర్‌లో. ఆమె మొగుడు, అంటే నా తోడల్లుడు సత్తిబాబుకి గోల్ ఘర్‌లో కొట్టుంది. తాళ్లు, వలలు, రంగుడబ్బాలు, ఇంజనాయిలు, గాలాలు, పడవవాళ్లకి కావలసినవన్నీ అమ్ముతాడు. వాళ్ల నాన్న పలాస నుంచి వచ్చి ఇక్కడ కాంట్రాక్టులు చేశాడట. సత్తిబాబు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు గలగలా మాట్లాడతాడు. సొంత కొట్టు బోర్డు మీద తెలుగులో రాయించిన పేరును మాత్రం కూడబలుక్కుని చదువుతాడు.

ఆ కొట్లో గంటసేపు కూర్చున్నాను. ఒకాయన బెంగాలీలో బేరం మొదలుపెట్టి, హిందీలో తగ్గించమని అడిగి, డబ్బులిచ్చేటప్పుడు తమిళంలో విసుక్కుని పోయాడు. సత్తిబాబుకి మగవాళ్లంతా భయ్యాలే, ఆడవాళ్లంతా దీదీలే. మా వైపైతే వరస తేల్చుకోవడానికే పావుగంట పడుతుంది.

అక్కడ టమాటాల ధర విని మా ఆవిడ బిత్తరపోయింది. ఓడలో వచ్చినవి కదమ్మా అన్నాడు అమ్మేవాడు, వాటికి అతనే టిక్కెట్టు కొని ఎక్కించినట్టు. చేప మాత్రం చవక. కుళాయి నీళ్లు మూడు రోజులకొకసారి వస్తాయి. చుట్టూ అంత సముద్రం పెట్టుకుని బిందెలు వరసలో పెట్టుకుంటారు పాపం. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది, మా మరదలు ఏడింటికల్లా కంచాలు పెట్టేస్తుంది. మొదటి రెండు రోజులూ ఆకలి వేయకుండానే తిన్నాను.

నూకరాజు నాకు పరిచయమైంది ఆ కొట్లోనే. నలభై అయిదేళ్లుంటాయి. ఎండకి మాడిన మొహం, నెమ్మదైన మాట. వెనకముల్లు లేని గాలాలు కావాలని వచ్చాడు.

"ముల్లు లేకపోతే చేప జారిపోదా?" అన్నాను, అడక్కుండా ఉండలేక.

"జారిపోడానికేనండి," అన్నాడు.

సత్తిబాబు నవ్వాడు. "ఈడు గైడు అన్నయ్యగారూ. టూరిస్టుల్ని సముద్రం మీదికి తీసుకెళ్లి పెద్ద పెద్ద చేపల్ని పట్టిస్తాడు. పట్టించి, ఫోటో తీయించి, మళ్లీ వదిలించీస్తాడు. రోజుకి పాతిక వేలు, పక్కా."

పాతిక వేలిచ్చి పట్టుకున్న చేపని నీళ్లలో వదిలేసే మనిషి ఎలా ఉంటాడో చూడాలనిపించింది. నన్నూ తీసుకెళ్లమని నూకరాజుని అడిగాను. సత్తిబాబు మొహం చూసి సరేనన్నాడు.

జంగ్లీఘాట్ నుంచి

తెల్లవారుజామున జంగ్లీఘాట్ రేవులో నిలబడితే నేను మా కళింగపట్నంలో ఉన్నానా అని అనుమానం వచ్చింది. అదే యాస, అవే తిట్లు, తట్టలు నెత్తిన పెట్టుకున్న అవే ఆడవాళ్లు. మధ్యమధ్యలో మాత్రం "అరే భయ్యా, జల్దీ" అని వినిపిస్తుంది. నూకరాజు తండ్రి కూడా కళింగపట్నం పక్క పల్లె నుంచే వలతో వచ్చినవాడు. కొడుకు వల మానేసి గైడయ్యాడు.

ఆ రోజు కస్టమరు పుణె నుంచి వచ్చిన ఒక డాక్టరు. పడవ రేవు దాటిన పది నిమిషాలకే నా టోపీ ఎగిరి నీళ్లలో పడింది. ఇంకో అరగంటకి పొద్దున్న తిన్న ఇడ్లీలు కూడా అటే వెళ్లాయి. డాక్టరు నాకు వైద్యం చేయకుండా చూపు తిప్పుకున్నాడు.

ఎంతసేపు వెళ్లామో, ఎటు వెళ్లామో రాయను. ఒక చిన్న దీవి కనబడగానే నూకరాజు ఇంజను తగ్గించి, బిస్కెట్ల డబ్బా ఒకటి ముందుకి తోశాడు. "ఫోన్లు ఇందులో పెట్టీండి. పెట్టి ఇటు తిరగండి. వీపు ఒడ్డుకి, మొహం సముద్రానికి."

డాక్టరు ఫోను డబ్బాలో పెట్టి తిరిగాడు. నాకు ఒళ్లు మండింది. "నేను కస్టమరుని కాదయ్యా, చుట్టాన్ని," అన్నాను.

"చుట్టాలకి ఇంకా గట్టిగా చెప్తానండి," అన్నాడు నూకరాజు, నవ్వకుండా.

తిరిగి కూర్చున్నాను. ఎందుకో తర్వాత చెప్పాడు. ఒడ్డు మీద రెండు గుర్తులుంటాయి. పడవలోంచి చూస్తే ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వరసలోకి వచ్చిన చోట, సరిగ్గా కింద రాతిగుట్ట ఉంటుంది. అక్కడే చేప ఉంటుంది. ఆ గుర్తులు తెలిస్తే చోటు తెలిసినట్టే. అక్కడి గైడ్లందరికీ ఇలాంటి చోట్లు ఉన్నాయి. వాటిని తండ్రి కొడుక్కి చెబుతాడు గానీ అన్న తమ్ముడికి చెప్పడు. నూకరాజు తన చోటును పడవలో ఉన్న, దారి చూపే మిషన్లోకి కూడా ఎక్కించలేదు. మిషన్ ఎవరి చేతికి పోతే చోటు వాళ్లదైపోతుందట.

డాక్టరు గాలానికి ఒక పార చేప పడింది. మా వైపు పార అంటే చేతి పొడుగుంటుంది. ఇది మా మనవరాలంత ఉంది. ఇరవై నిమిషాలు మనిషీ చేపా పెనుగులాడాక పడవ పక్కకి తెచ్చారు. నూకరాజు చేతులు తడుపుకుని దాన్ని ఎత్తాడు, ఒక్క ఫోటో తీయించాడు. తర్వాత తోక పట్టుకుని, తల ముందుకి పెట్టి, నీళ్లలో మెల్లగా ఆడించాడు. దాని మొప్పలు తెరుచుకుని మూసుకున్నాయి. అయిదారుసార్లు ఊపిరి తీసుకున్నాక ఒక్క విదుపు విదిల్చి పోయింది. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను.

అప్పుడు తాడుకి కట్టిన చిన్న కెమెరా ఒకటి కిందికి దించాడు. ఎవరో కస్టమరు ఇచ్చి వెళ్లినదట. దాని తెర మీద రాళ్లు కనిపించాయి. రాళ్ల పక్కన మచ్చల ఒంటితో నాలుగైదు బొంత చేపలు, కడుపులు నిండుగా, కదలకుండా నిలబడి ఉన్నాయి. అక్కడివాళ్లు వాటిని గోబ్రా అంటారు.

"ఇంకా రావాలండి," అన్నాడు నూకరాజు. "పున్నమికి నాలుగు రోజుల ముందు నుంచి దిగుతారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రాయి కనబడదు, అంతమంది. గుడ్లు పెట్టీసి ఎవలి దారిన ఆళ్లు ఎల్పోతారు. మా నాన్న దీనికి పుట్టిల్లు అని పేరెట్టినాడు. పురిటికి వస్తారు కదండీ మరి."

చేపల్ని 'ఆళ్లు' అంటుంటే వినడానికి బాగుంది. ఆ నాలుగైదు రోజులూ అతని పడవలో గాలం తడవదు. తండ్రి పెట్టిన కట్టుబాటు. కెమెరా దించి చూసి, నోటుబుక్కులో తారీఖు వేసి రాసుకుంటాడు. పదేళ్లకి పైగా రాస్తున్నాడు. హిందీలో.

ప్రోతరాపూర్‌లో రెండు ముద్దలు ఎక్కువ

నూకరాజు ఇల్లు కూడా ప్రోతరాపూర్‌లోనే, సత్తిబాబు ఇంటికి రెండు సందుల అవతల. రెండు రోజుల తర్వాత బస్సులో కలిసి, భోజనానికి రమ్మన్నాడు. అతని భార్య కుమారి చేపల పులుసు పెట్టింది. మా ఇళ్లలో పులుసంటే చింతపండుదే పెత్తనం. అక్కడ పెరడు నిండా కొబ్బరిచెట్లు కాబట్టి కొబ్బరిది. మొదటి ముద్దకి ఇదేం పులుసు అనుకున్నాను. తర్వాత అడిగి మరీ వేయించుకున్నాను. నూకరాజు నన్ను సార్ అనడం మానేసి పెదనాన్నా అన్నాడు.

చేతులు కడుక్కున్నాక ఒక ఉత్తరం తెచ్చి చూపించాడు. చేపల పనులు చూసే ఆఫీసు నుంచి వచ్చింది. బొంత చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ఏయే చోట్ల వేట ఆపాలో చెప్పడానికి గైడ్లను సభకి పిలిచారు.

"మంచిదే కదా," అన్నాను.

నూకరాజు సిగ్గుపడ్డాడు. "పోయినేడు కూడా పిలిచినారు పెదనాన్నా. మ్యాపు ముందర పెట్టి చూపించమన్నారు. పక్క చోటు చూపించీసినాను."

"పక్క చోటంటే?"

"మతలబ్, ఏటీ లేని చోటు. ఉత్త ఇసక. ఆళ్లు దాన్నే బంద్ చేసినారు. అందరం అలగే చేసినాం. ఎవడూ తన చోటు చెప్పడు కదా."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ప్రభుత్వం ఒక ఏడాదిపాటు ఖాళీ నీళ్లకి కాపలా కాసింది. అసలు చోట్లకి ఏ కాపలా లేదు. పైగా పెద్ద పడవలు ఏటికేడు ఆ వైపుకి దగ్గరవుతున్నాయని నూకరాజే చెప్పాడు. ఐస్ పెట్టెలతో వచ్చి గోబ్రా కోసమే వెతుకుతున్నాయట. ఏదో ఒక పున్నమికి వాళ్లంతట వాళ్లే పుట్టిల్లు కనుక్కుంటారని అతనికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఇంక నేను ఊరుకుంటానా. తగుదునమ్మా అని మొదలుపెట్టాను. సలహా అడిగినప్పుడు అబద్ధం చెబితే ఆ తర్వాత ఏం జరిగినా అడిగే హక్కు ఉండదన్నాను. నిజం చోటు చెప్పు, అది రాతపూర్వకంగా నమోదవుతుంది, నీ తర్వాత కూడా ఉంటుందన్నాను. పదేళ్ల నోటుబుక్కు నీ చేతిలో ఉంది, అంతకన్నా సాక్ష్యమేం కావాలన్నాను.

"చెప్తే వెంటనే మూసీస్తారా?" అని అడిగాడు.

"అంతా పద్ధతి ప్రకారం జరుగుతుంది," అన్నాను. ఆ పద్ధతి ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే నాకే తట్టేది.

కుమారి గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. "మామయ్యగారు పోయేముందు చెప్పిన మాట బాబుగారూ. పురిటింటి గుట్టు వీధిలో పెట్టకూడదని. ఈయనకి నాకు కూడా చెప్పడానికి పెళ్లయ్యాక ఆరేళ్లు పట్టింది," అంది.

"అమ్మా, నీకు తెలీదు. గవర్నమెంటులో నేను ముప్పై ఏళ్లు చేశాను," అన్నాను. ఆమె లోపలికి వెళ్లి నాకు మజ్జిగ తెచ్చింది. ఆ మజ్జిగ తాగినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మిడిల్ పాయింట్ హాలు

సభ మిడిల్ పాయింట్‌లో ఒక హాల్లో. నేనూ సత్తిబాబూ వెనకాలే వెళ్లాం, ఎవరూ అడ్డు చెప్పలేదు. అధికారి ఒక యువతి. మంచి పిల్ల, ఓపికస్తురాలు. హిందీలో మాట్లాడింది, సత్తిబాబు నాకు చెవిలో చెప్పాడు. మా లెక్కల్లో ఉండేవి ఒడ్డుకొచ్చిన చేపలే, నీళ్లలో ఇంకా బతికున్నవాటి సంగతి మీకే తెలుసు, అందుకే మిమ్మల్ని పిలిచాం అంది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. మా రోజుల్లో ఏ అధికారీ రైతుల్ని ఇలా అడగలేదు, నాతో సహా.

ముందు వరసలో ఆరుగురు గైడ్లు. వెనక వరసల్లో పడవల యజమానులు, చేపలు కొని బయటికి పంపేవాళ్లు. అందరినీ పిలవాలని నియమం. బల్ల మీద మ్యాపు పరిచారు. గైడ్లు ఒక్కొక్కరే లేచి వేలు పెట్టి చూపిస్తున్నారు. ఒక్కొక్కరు చూపించినప్పుడల్లా వెనకనుంచి చిన్న నవ్వు. ఆ చోట్లు ఉత్త ఇసకేనని హాలు హాలంతటికీ తెలుసు, ఆ పిల్లకి తప్ప.

నూకరాజు వంతు వచ్చింది. వేలు మ్యాపు మీద పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. తల తిప్పి నా వైపు చూశాడు. నేను లేచాను. ఎందుకు లేవాలి? నన్నెవరు పిలిచారు? "చెప్పు నాయనా, భయపడకు," అన్నాను, హాలంతా వినబడేలా.

అతను వేలు జరిపాడు. జరిపి, అసలు చోటు చూపించాడు. నోటుబుక్కు తెరిచి ఏ పున్నమికి ఏం కనబడిందో చదివాడు. ఆ పిల్ల ముఖం విప్పారింది. అక్కడ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసింది. వెనక వరసల్లో నవ్వులు, గుసగుసలు అన్నీ ఆగిపోయాయి. దాన్ని నేను గౌరవం అనుకున్నాను. చప్పట్లు మొదలుపెట్టింది నేనే.

బయటికొచ్చాక మిగతా గైడ్లు నూకరాజుతో మాట్లాడకుండా వెళ్లిపోయారు. అందరిలో పెద్దాయన ఒక్కడు ఆగి, "ఘర్ దిఖా దియా తూనే, రాజూ," అన్నాడు. ఇల్లు చూపించేశావు అని. అసూయ అనుకున్నాను. నూకరాజుకి టీ, సమోసా ఇప్పించాను. సమోసా అలాగే చేతిలో పట్టుకుని బస్సెక్కాడు.

నీల్ దీవిలో చెప్పులు పోయిన వైనం

మర్నాడు మా ఆవిడా నేనూ నీల్ దీవికి వెళ్లాం. దానికీ కాగితాల మీద పేరు మారింది. సముద్రం మధ్యలో పొలాలు, అరటితోటలు, వంకాయ మళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లో కొనే కూరగాయలు కొన్ని ఇక్కడివేనట. మేము దిగిన ఇంటామె బెంగాలీ. ఆవనూనెలో చేప వేయించి పెట్టింది. ఆ వాసనకి మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తింది, కానీ మూడు ముక్కలు తింది.

పొద్దున్నే నీళ్లు మైలు దూరం వెనక్కి పోతాయి. చెప్పులు రాయి మీద వదిలి, ఆ తడి రాళ్ల మధ్య ఎండ్రకాయల్ని చూస్తూ చాలా దూరం వెళ్లాను. తిరిగొచ్చేసరికి రాయి లేదు, చెప్పులూ లేవు, మోకాళ్ల లోతు నీళ్లున్నాయి. కొత్త హవాయి చెప్పులు కొనుక్కుంటే నూట ఎనభై అన్నాడు. అవీ ఓడలోనే వచ్చాయట.

అక్కడున్న నాలుగు రోజులూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆ హాల్లో సంగతి మా ఆవిడకి రోజుకి రెండుసార్లు చెప్పాను. పనికొచ్చే పని ఒకటి చేశాననిపించింది. రాత్రి చంద్రుడు కొబ్బరాకుల మధ్య పెరుగుతూ కనిపిస్తుంటే, పుట్టింటికి చేపలు బయల్దేరి ఉంటాయి అనుకున్నాను కూడా.

నోటీసు బోర్డు

తిరిగొచ్చిన రోజు మిడిల్ పాయింట్‌లో బస్సు దిగి, ఆ హాలు ముందు నుంచి నడుస్తున్నాం. నోటీసు బోర్డు దగ్గర గుంపుగా జనం. అయిదారుగురు ఫోన్లు ఎత్తి ఫోటోలు తీస్తున్నారు. దగ్గరికి వెళ్లి చూశాను. మ్యాపు. మ్యాపు మీద ఎర్ర గుండ్రాలు. పుట్టింటి చుట్టూ గీసినదానికి పక్కన అక్షాంశం, రేఖాంశం అంకెలతో సహా వేసి ఉన్నాయి. కింద, ఈ ప్రతిపాదనపై అభ్యంతరాలు ఉన్నవారు ముప్పై రోజుల్లోగా తెలియజేయవచ్చు, గడువు ముగిసిన తర్వాత తుది ఉత్తర్వులు వెలువడును, అని.

ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. మా జిల్లాలో ఎన్ని గోడలకి నేనే అంటించానో. భూముల విషయంలో ఆ ముప్పై రోజుల్లో భూమి ఎక్కడికీ పోదు. ఇక్కడ పున్నమి ఇంకా నాలుగు రోజుల్లో ఉంది. మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

లోపలికి వెళ్లి ఆ అధికారిని కలిశాను. వచ్చీరాని హిందీలో, నేనూ గవర్నమెంటులో చేసినవాణ్ణేనని చెప్పి, ఆ కాగితం తీసేయండి, ఈ పున్నమి దాటాక మళ్లీ పెట్టండి అని బతిమాలాను. ఆమెకి అప్పటికే అర్థమైంది. కళ్లు దించుకుంది.

"నియమం అంకుల్. ఒకసారి పెట్టాక తీయడానికి లేదు. మీరూ గవర్నమెంటులో చేశారు కదా, మీకు తెలుసు," అంది. బల్ల మీది ఫైలు మూసి, "మ్యాపు లేకుండా, ఉత్త పేరుతో పెట్టమని ఆ సభలోనే ఎవరైనా అడిగి ఉంటే అలాగే పెట్టేదాన్ని. ఎవరూ అడగలేదు," అంది.

ఆ హాల్లో ఆ పిల్ల కాక ఆ నియమం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అడగవలసిన పూట నేను చప్పట్లు కొట్టాను.

నూకరాజు ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని తాడు చుడుతున్నాడు. "చూసినాను సార్," అన్నాడు. మళ్లీ సార్ అన్నాడు. జంగ్లీఘాట్‌లో పడవలు ఐస్ ఎక్కిస్తున్నాయని చెప్పాడు. వాళ్లని ఆపలేమా అంటే, "ఇంకా బంద్ చెయ్యలేదు కదండి. ఆళ్లది తప్పేటుంది? నా ఒక్క పడవతో సముద్రానికి తలుపేస్తానా?" అన్నాడు. అయినా మర్నాటి నుంచి మూడు రోజులూ అతను అక్కడికెళ్లి, వచ్చిన ప్రతి పడవ దగ్గరికీ పోయి బతిమాలాడట. ఒక్క పడవ వెనక్కి తిరిగింది. దాని యజమాని నూకరాజు తండ్రిని ఎరిగినవాడు.

కుమారి ఆ రోజు బయటికి రాలేదు.

గుడ్ల వేపుడు

పున్నమి నాడు హోళీ. వీధుల్లో బెంగాలీ పిల్లలు, తమిళ పిల్లలు, మన పిల్లలు అందరూ ఒకే రంగులో ఉన్నారు. మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. మా మరదలు సంబరంగా వచ్చింది.

"గోబ్రా ఇంత చవగ్గా ఎప్పుడూ రాలేదు బావగారూ. రేవులో గుట్టలు పోసి ఇచ్చేస్తున్నారట. ప్రతిదాని కడుపులోనూ గుడ్లే," అంటూ నా కంచంలో చేప గుడ్ల వేపుడు వడ్డించింది. నాకు ఇష్టమని మా ఆవిడే ఎప్పుడో చెప్పి ఉంటుంది. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి, ఎర్రగా, పొడిపొడిగా చేసింది.

సత్తిబాబు తల వంచుకుని తింటున్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను కంచం ముందు నుంచి లేచాను. మా మరదలు పాపం ఉప్పు ఎక్కువైందేమో అనుకుని రుచి చూసుకుంది. పెరట్లోకి వెళ్లి బిందెల పక్కన కూర్చున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా మీద ఒక్క మచ్చ లేదని చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి. అక్కడ కూర్చుని ఏడ్చాను.

మళ్లీ ఆ దీవికి

మర్నాడు పొద్దున్నే నూకరాజు ఫోను చేశాడు. "కెమెరా దించాలి సార్. ఇంకో చెయ్యి కావాలి. వస్తారా?" అన్నాడు. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. తిట్టలేదు. దారి పొడుగునా తన లెక్క తను చెప్పుకుంటూ వచ్చాడు. అందరికీ తెలిసిన చోటికి పాతిక వేలిచ్చి ఎవరూ రారు. పార చేపలు కూడా ఆ బొంత చేపల వెనకే వస్తాయి, ఇవి లేకపోతే అవీ రావు. గైడు పని మీద బతకడం కష్టం, మళ్లీ వల కొనాలి. మా నాన్న పనే మళ్లీ నేను పట్టుకోవాలి అన్నాడు.

ముప్పై రోజులు పోయాక ఆ చోటు మూసేస్తారు కదా, చేపలు మళ్లీ చేరవా అని అడిగాను. నా కోసం అడిగాను, అతని కోసం కాదు.

"చేరొచ్చు. నా వయసులో కాదు," అన్నాడు. తర్వాత, "వచ్చే ఏడు కూడా పిలుస్తారు. ఎల్తాను. మేడమ్ మంచిదే. పక్క చోటు చూపిస్తాను," అన్నాడు.

కెమెరాలో ఏం కనిపించిందో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నేను ఇది రాయడం మొదలుపెట్టింది దాని కోసం కాదు. రాళ్లున్నాయి. రాళ్లకి చుట్టుకుని తెగిన గాలపు తీగలు, సీసపు గుళ్లు ఉన్నాయి. చాలాసేపు తిప్పితే ఒక సందులో ఒక్క బొంత చేప, తల లోపలికి పెట్టి, తోక మాత్రం కనబడేలా నిలబడి ఉంది. నూకరాజు నోటుబుక్కు తీసి తారీఖు వేశాడు. పక్కన ఒకటి అని అంకె వేశాడు.

నేను చెప్పాలనుకున్నది దానికి ముందు జరిగింది. ఆ చిన్న దీవి కనబడగానే ఇంజను చప్పుడు తగ్గింది. నేను ఫోను తీసి బిస్కెట్ల డబ్బాలో పడేశాను. లేచి, పడవ అంచు పట్టుకుని, ఒడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాను. ఎవరూ చెప్పలేదు, అలవాటుగా చేసేశాను. మొదటిరోజు అతని మాటకి ఒళ్లు మండినవాణ్ణి, ఆ రోజు అతను మళ్లీ ఆ మాట అంటే చాలనుకున్నాను.

"ఇటు తిరగండి సార్," అన్నాడు నూకరాజు.

తిరగలేదు.

"పర్వాలేదు, తిరగండి. అదిగో కొండ మీద నొక్కు. దాని కింద తెల్ల రాయి. ఇప్పుడు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, చూడండి. మా నాన్న నాకు చూపించినప్పుడు నాకు పన్నెండేళ్లు. ఇప్పుడింక ఎవలైనా చూడొచ్చు."

తిరిగి చూశాను.